స్థూలకాయ శస్త్రచికిత్స

స్థూలకాయ శస్త్రచికిత్స లేదా బేరియాట్రిక్ సర్జరీ అనగా అతి స్థూలకాయం కలవారిలో బరువును తగ్గించుటకు జీర్ణాశయం మీద, చిన్నప్రేగుల మీద చేసే శస్త్రచికిత్సల సముదాయం. గ్రీకు భాషలో 'బారోస్' అంటే బరువు, 'ఇయాత్రికోస్' అంటే వైద్యానికి సంబంధించినది. ఈ రెండు మాటల కలయికతో బేరియాట్రిక్ అన్న పదం ఏర్పడింది. మధుమేహం వంటి జీవక్రియా వ్యాధులు కూడా ఈ చికిత్సతో అదుపులోకి వస్తున్నందున దీనిని మెటబాలిక్ సర్జరీ అని కూడా పిలుస్తున్నారు.

ఈ శస్త్రచికిత్సకు, చర్మం క్రింది కొవ్వును గొట్టంతో పీల్చివేసే లైపోసక్షన్‌కు సంబంధం లేదు. లైపోసక్షన్ ఆకృతి కోసం చేసేది. దానివలన మధుమేహం గానీ రక్తపోటు గానీ తగ్గవు. స్థూలకాయ శస్త్రచికిత్స ఆకలిని, ఆహార పరిమాణాన్ని, ప్రేగులు విడుదల చేసే హార్మోనులను మారుస్తుంది. శస్త్రచికిత్స ఒకటి రెండు గంటలలో ముగిసినా, దాని తర్వాత పాటించవలసిన ఆహార నియమాలు, మందులు, రక్తపరీక్షలు జీవితాంతం కొనసాగుతాయి.

స్థూలకాయం - కొలత

శరీరంలో ఆరోగ్యానికి హాని కలిగించేంతగా కొవ్వు పేరుకొనడాన్ని స్థూలకాయం లేదా ఊబకాయం అంటారు. దీనిని అంచనా వేయడానికి శరీర ద్రవ్యరాశి సూచికను (బి.ఎం.ఐ.) వాడతారు. కిలోగ్రాములలో బరువును, మీటర్లలో ఎత్తు యొక్క వర్గంతో భాగిస్తే ఈ సూచిక వస్తుంది. ఉదాహరణకు 160 సెంటీమీటర్ల ఎత్తు, 96 కిలోల బరువు ఉన్న వ్యక్తి సూచిక 96 ÷ (1.6 × 1.6) = 37.5 అవుతుంది. ఈ నిష్పత్తిని 19వ శతాబ్దంలో బెల్జియం గణాంకవేత్త అడాల్ఫ్ కెట్లే ప్రతిపాదించాడు. దీనికి ఇప్పుడున్న పేరును 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ పెట్టాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం సూచిక 25 దాటితే అధిక బరువు, 30 దాటితే స్థూలకాయం. అయితే దక్షిణాసియా వాసులలో తక్కువ బరువు వద్దనే పొట్ట చుట్టూ కొవ్వు చేరి, మధుమేహం, గుండెజబ్బులు వస్తాయి. అందువలన 2009లో భారతీయ నిపుణులు 23ను అధిక బరువుకు, 25ను స్థూలకాయానికి హద్దుగా సూచించారు. పుణెకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి చిత్రాన్ని ప్రచురించారు. ఇద్దరి సూచికా 22.3 మాత్రమే. కానీ యాజ్ఞిక్ శరీరంలో కొవ్వు 21.2 శాతం, యుడ్కిన్ శరీరంలో 9.1 శాతం. ఈ సూచిక కొవ్వును నేరుగా కొలవదని చెప్పడానికి ఈ ఉదాహరణను తరచు పేర్కొంటారు. 2025 జనవరిలో వెలువడిన లాన్సెట్ సంఘపు నివేదిక కూడా ఒక్క సూచికపైనే ఆధారపడక నడుము చుట్టుకొలతను, అవయవాల పనితీరును పరిశీలించాలని సూచించింది.

2022 నాటికి ప్రపంచంలో పిల్లలు, పెద్దలు కలిపి వంద కోట్లకు పైగా జనం స్థూలకాయంతో జీవిస్తున్నారని అంచనా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 25 లేదా అంతకు మించిన సూచిక గలవారు భారతదేశ స్త్రీలలో 24.0 శాతం, పురుషులలో 22.9 శాతం. అదే సర్వేలో ఆంధ్ర ప్రదేశ్ స్త్రీలలో 36.3 శాతం, పురుషులలో 31.1 శాతం, తెలంగాణ స్త్రీలలో 30.1 శాతం, పురుషులలో 32.3 శాతం ఉన్నారు. అనగా రెండు తెలుగు రాష్ట్రాలూ దేశ సగటు కంటే పైనే ఉన్నాయి.

స్థూలకాయంతో జీవనం

స్థూలకాయం తిండిపోతుతనం వల్ల, బద్ధకం వల్ల మాత్రమే వస్తుందన్న అభిప్రాయం సమాజంలో బలంగా ఉంది. కానీ జన్యువులు, నిద్రలేమి, మానసిక ఒత్తిడి, కొన్ని మందులు, థైరాయిడ్ వంటి గ్రంథుల వ్యాధులు, చౌకగా దొరికే అధిక శక్తి గల ఆహారం, కూర్చుని చేసే ఉద్యోగాలు ఇవన్నీ దీనికి కారణాలే. బరువు తగ్గినపుడు శరీరం ఆకలిని పెంచి, శక్తి ఖర్చును తగ్గించి పాత బరువుకు చేరడానికి ప్రయత్నిస్తుంది. కడుపు మాడ్చుకొని తగ్గిన బరువు చాలామందిలో తిరిగి రావడానికి ఇదే ముఖ్య కారణం.

అతి స్థూలకాయం గలవారికి మోకాళ్ళ నొప్పులు, ఆయాసం, గురకతో పాటు నిద్రలో శ్వాస ఆగడం, చర్మపు ముడుతలలో ఒరుపులు, కాళ్ళ వాపులు సాధారణం. మధుమేహం, అధిక రక్తపోటు, కాలేయంలో కొవ్వు, పిత్తాశయంలో రాళ్ళు, సంతానలేమి, కొన్ని రకాల క్యాన్సర్లు వచ్చే అవకాశం కూడా ఎక్కువ.

వ్యాధుల బాధకు తోడు రోజువారీ చిక్కులు ఉంటాయి. బస్సులోను, సినిమా హాలులోను కుర్చీలు చాలవు. నేల మీద కూర్చుని భోజనం చేయడం, లేవడం కష్టమవుతుంది. ఆసుపత్రులలో సైతం బరువు యంత్రాలు, పరీక్షా బల్లలు, స్కానింగ్ యంత్రాలు కొంత బరువు వరకే పనిచేస్తాయి. రక్తపోటు కొలిచే పట్టీ చేతికి చిన్నదైతే రక్తపోటు ఉన్నదానికంటే ఎక్కువగా చూపుతుంది. ఏ బాధతో వెళ్ళినా "ముందు బరువు తగ్గండి" అన్న మాటే వినవలసి రావడంతో కొందరు వైద్యుల వద్దకు వెళ్ళడమే మానుకుంటారు. దాని వలన ఇతర వ్యాధులు ఆలస్యంగా బయటపడతాయి.

బడిలో మారుపేర్లు, పెళ్ళి సంబంధాలలో తిరస్కారం, ఉద్యోగాలలో చిన్నచూపు మనసును గాయపరుస్తాయి. తెలుగు సినిమాలో లావుపాటి పాత్రలు చాలాకాలం హాస్యానికే పరిమితమయ్యాయి. 2015లో ప్రకాశ్ కోవెలమూడి దర్శకత్వంలో వచ్చిన సైజ్ జీరో చిత్రంలో అనుష్క శెట్టి ఈ పాత్రను కథానాయికగా పోషించింది. బరువు తగ్గించే సంస్థల మోసాలు ఆ చిత్ర కథలో భాగం. 2020లో అనేక దేశాల నిపుణులు స్థూలకాయుల పట్ల వివక్షను అంతం చేయాలని కోరుతూ నేచర్ మెడిసిన్ పత్రికలో ఉమ్మడి ప్రకటన వెలువరించారు.

చరిత్ర

ఈ చికిత్సకు ఆద్యులు అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయపు వైద్యులు. క్రెమెన్, లిన్నర్, నెల్సన్ 1954లో చిన్నప్రేగులో అధిక భాగాన్ని దాటవేసే పద్ధతిని వివరించారు. బరువు తగ్గినా, విపరీతమైన విరేచనాలు, మూత్రపిండాలలో రాళ్ళు, కాలేయ వైఫల్యం కలగడంతో ఆ పద్ధతిని తరువాతి కాలంలో విడిచిపెట్టారు.

అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ మేసన్, కడుపులో పుండ్ల కోసం జీర్ణాశయంలో కొంత భాగం తొలగించిన స్త్రీలు బరువు పెరగకపోవడం గమనించాడు. దాని ఆధారంగా చికాషి ఇటోతో కలసి 1960ల మధ్యలో గ్యాస్ట్రిక్ బైపాస్‌ను రూపొందించాడు. 1970లలో దీనికి స్విట్జర్లాండ్ వైద్యుడు సీజర్ రూ పేరుమీదుగా ఉన్న వై ఆకారపు ప్రేగు కలయికను జోడించారు. 1979లో ఇటలీకి చెందిన నికోలా స్కోపినారో మరొక బైపాస్ పద్ధతిని ప్రచురించాడు.

1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సమావేశం ఈ చికిత్స ఎవరికి తగునో మొదటిసారి స్పష్టమైన ప్రమాణాలను ఇచ్చింది. 1994లో విట్‌గ్రోవ్, క్లార్క్ చిన్న రంధ్రాల ద్వారా ల్యాప్రోస్కోపీ పద్ధతిలో చేసిన బైపాస్‌లను ప్రచురించడంతో పెద్ద కోత అవసరం తగ్గింది. 1999లో అమెరికా గాయని కార్నీ విల్సన్ తన శస్త్రచికిత్సను అంతర్జాలంలో ప్రసారం చేయడంతో దీనికి విశేష ప్రచారం లభించింది.

2000 ప్రాంతంలో న్యూయార్క్‌లో మిషెల్ గాన్యే బృందం, అత్యధిక బరువు గలవారికి పెద్ద శస్త్రచికిత్సను రెండు దశలుగా విడదీసింది. మొదటి దశలో జీర్ణాశయాన్ని సన్నని గొట్టంగా మార్చేవారు. ఆ దశతోనే చాలామంది గణనీయంగా తగ్గడంతో అదే స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అన్న స్వతంత్ర పద్ధతిగా స్థిరపడింది.

ఎవరికి చేస్తారు

1991 ప్రమాణాల ప్రకారం సూచిక 40 పైబడినవారు, లేదా 35 పైబడి తీవ్రమైన అనుబంధ వ్యాధులు గలవారు అర్హులు. 2022లో అమెరికా, అంతర్జాతీయ స్థూలకాయ శస్త్రవైద్యుల సంఘాలు ఈ హద్దులను సడలించాయి. వాటి ప్రకారం:

* సూచిక 35 లేదా అంతకు మించినవారికి ఇతర వ్యాధులు లేకున్నా చికిత్సను సూచించవచ్చు.
* సూచిక 30 నుండి 35 మధ్యనుండి మధుమేహం వంటి జీవక్రియా వ్యాధి గలవారికి పరిశీలించవచ్చు.
* ఆసియా ప్రజలలో 27.5 నుండే పరిశీలించవచ్చు.

చికిత్సకు ముందు శస్త్రవైద్యుడే కాక మత్తు వైద్యుడు, ఆహార నిపుణుడు, మానసిక నిపుణుడు రోగిని పరీక్షిస్తారు. పొగత్రాగడం మానిపిస్తారు. కాలేయంలోని కొవ్వును తగ్గించడానికి రెండు వారాల పాటు తక్కువ శక్తి గల ఆహారం ఇవ్వడం పరిపాటి; కాలేయం కుంచించుకుపోతే జీర్ణాశయం వద్దకు చేరడం వైద్యునికి సులభమవుతుంది. అదుపులో లేని మానసిక వ్యాధి, మద్యం లేదా మాదకద్రవ్యాల వ్యసనం ఉంటే ముందుగా వాటికి చికిత్స చేస్తారు.

ముఖ్య పద్ధతులు

స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ: జీర్ణాశయంలో సుమారు 80 శాతాన్ని నిలువుగా కోసి తొలగిస్తారు. అరటిపండు ఆకారంలో సన్నని గొట్టం మిగులుతుంది. ఆకలిని పుట్టించే గ్రెలిన్ హార్మోను తొలగించిన భాగంలోనే ఎక్కువగా తయారవుతుంది. కనుక ఆకలి కూడా తగ్గుతుంది. ప్రపంచంలో ప్రస్తుతం అత్యధికంగా చేసేది ఇదే. కొందరిలో ఛాతీమంట, ఆమ్లం పైకి తన్నడం ఎక్కువ కావడం దీని ప్రధాన లోపం. తొలగించిన భాగాన్ని తిరిగి అమర్చడం సాధ్యం కాదు.

గ్యాస్ట్రిక్ బైపాస్: జీర్ణాశయపు పై భాగంలో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని వేరుచేసి, దానిని చిన్నప్రేగు మధ్య భాగానికి నేరుగా కలుపుతారు. ఆహారం మిగిలిన జీర్ణాశయాన్ని, ఆంత్రమూలాన్ని దాటిపోతుంది. మధుమేహం, తీవ్రమైన ఛాతీమంట గలవారికి దీనిని తరచు ఎంచుకుంటారు. ఒకే కలయికతో చేసే మినీ బైపాస్ భారతదేశంలో కూడా వాడుకలో ఉంది.

డుయోడినల్ స్విచ్: స్లీవ్‌తో పాటు చిన్నప్రేగులో చాలా భాగాన్ని దాటవేస్తారు. బరువు అన్నిటికంటే ఎక్కువగా తగ్గుతుంది, పోషకాహార లోపాలు కూడా అన్నిటికంటే ఎక్కువ.

గ్యాస్ట్రిక్ బ్యాండ్: జీర్ణాశయం పై భాగాన సిలికోన్ పట్టీని బిగిస్తారు. 2001లో అమెరికాలో అనుమతి పొంది బాగా ప్రచారంలోకి వచ్చింది. పట్టీ జారడం, లోపలికి కోసుకుపోవడం, ఆశించినంత బరువు తగ్గకపోవడం వలన తరువాత దీని వాడకం బాగా క్షీణించింది.

పనిచేయు విధానం

జీర్ణాశయం చిన్నదవడం వలననే బరువు తగ్గుతుందని తొలుత భావించారు. కానీ ఆహారం త్వరగా చిన్నప్రేగు చివరి భాగానికి చేరడంతో జి.ఎల్.పి.-1, పి.వై.వై. వంటి హార్మోనులు అధికంగా విడుదలై మెదడుకు కడుపు నిండిన సంకేతం పంపుతాయి. జి.ఎల్.పి.-1 ఇన్సులిన్ స్రావాన్ని కూడా పెంచుతుంది. అందువలననే గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్న మధుమేహ రోగులలో, బరువు తగ్గక ముందే కొద్ది రోజులలో రక్తంలో చక్కెర దిగి వస్తుంది. ఆహారపు రుచులు, ఇష్టాయిష్టాలు కూడా కొందరిలో మారిపోతాయి.

శస్త్రచికిత్స తరువాతి జీవితం

ఆహారం

మొదటి ఒకటి రెండు రోజులు నీరు, పలుచని మజ్జిగ తేట, వడకట్టిన పప్పుకట్టు వంటివి గుక్కలుగా ఇస్తారు. రెండు వారాల వరకు ద్రవాహారం, తరువాత మెత్తగా చేసిన ఆహారం, నెల దాటాక మెత్తని ఘనాహారం, ఆరు నుండి ఎనిమిది వారాలకు సాధారణ ఆహారం అన్నది స్థూలమైన క్రమం. వైద్యశాలను బట్టి ఇందులో కొద్దిపాటి భేదాలు ఉంటాయి.

పాటించవలసిన ముఖ్య నియమాలు:

* ప్రతి ముద్దను బాగా నమిలి, ఒక పూట భోజనానికి ఇరవై నుండి ముప్ఫై నిమిషాలు తీసుకోవాలి.
* భోజనంతో పాటు నీళ్ళు త్రాగరాదు. అరగంట ఎడం పాటించాలి.
* రోజు మొత్తం మీద కనీసం లీటరున్నర ద్రవాలు కొద్దికొద్దిగా త్రాగాలి.
* మాంసకృత్తులు రోజుకు 60 నుండి 80 గ్రాములు అందేలా చూడాలి. విస్తరిలో ముందుగా వాటినే తినాలి.
* కడుపు నిండినట్లు అనిపించిన క్షణమే ఆపాలి. ఒక ముద్ద ఎక్కువైనా ఛాతీలో నొప్పి, వాంతి కలుగుతాయి.
* గ్యాస్ గల శీతల పానీయాలు, చక్కెర పానీయాలు మానాలి.

అన్నం ప్రధానాహారంగా గల తెలుగువారికి ఇది పెద్ద మార్పు. సాధారణ భోజనంలో సింహభాగం అన్నమే. కూర, పప్పు దానికి అనుపానాలు. శస్త్రచికిత్స తరువాత ఈ క్రమం తలక్రిందులవుతుంది. పప్పు, గ్రుడ్డు, చేప, కోడి మాంసం, పెరుగు, పనీరు, మీల్ మేకర్ వంటివి ముందు, అన్నం చివర కొద్దిగా. మెత్తగా ముద్దగా ఉన్న అన్నం కొందరికి తొలి నెలలలో గొంతు దిగువన అడ్డుపడినట్లుంటుంది. శాకాహారులు మాంసకృత్తుల లెక్క చేరుకోవడానికి పొడుల రూపంలోని మాంసకృత్తులపై ఆధారపడవలసి రావచ్చు. పెసరట్టు, ఇడ్లీలలో మినప, పెసరపప్పు ఉన్నా, ఒకటి తినేసరికి కడుపు నిండిపోతుంది కనుక వాటితోనే లెక్క పూర్తికాదు.

విందులలో మరొక చిక్కు ఎదురవుతుంది. కొసరి కొసరి వడ్డించడం తెలుగునాట మర్యాద, వద్దనడం అమర్యాద. విషయం తెలియని బంధువులు తినడం లేదని నొచ్చుకుంటారు. తెలిసినవారు విస్తరి వైపే చూస్తారు. చికిత్స సంగతి ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు అన్నది చాలామందికి నిత్య సమస్య. వ్రతాలు, ఉపవాసాలు, రంజాన్ రోజాలు మొదటి ఏడాదిలో నీటి కొరతకు, నీరసానికి దారితీయవచ్చును గనుక వైద్యుని సలహా లేకుండా చేయరాదు.

డంపింగ్ సిండ్రోమ్

బైపాస్ చేయించుకున్నవారు తీపి పదార్థాలు తింటే అవి ఒక్కసారిగా చిన్నప్రేగులోకి చేరతాయి. పది నుండి ముప్ఫై నిమిషాలలో గుండెదడ, చెమటలు, కడుపునొప్పి, విరేచనాలు కలుగుతాయి. కొందరిలో ఒకటి నుండి మూడు గంటల తరువాత ఇన్సులిన్ అధికమై రక్తంలో చక్కెర పడిపోయి కళ్ళు తిరుగుతాయి. లడ్డు, జిలేబి, పాయసం, చెరకు రసం ఇందుకు సాధారణ కారణాలు. చాలామందికి ఆహార నియమాలతోనే ఇది అదుపులోకి వస్తుంది. వాహనం నడుపుతుండగా చక్కెర పడిపోవడం ప్రమాదకరం.

పోషకాలు

తినే పరిమాణం, శోషణ రెండూ తగ్గుతాయి కనుక విటమినులు, ఖనిజాలు జీవితాంతం తీసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్నామని మాత్రలు మానివేయడం దీర్ఘకాలిక సమస్యలకు ప్రధాన కారణం.

* బి-12 విటమిను: లోపిస్తే రక్తహీనత, అరికాళ్ళ తిమ్మిరి, మతిమరుపు కలుగుతాయి. మాత్రలుగా గాని, నెలకొక ఇంజక్షనుగా గాని తీసుకుంటారు. ముందునుండే బి-12 తక్కువగా ఉండే శాకాహారులు మరింత జాగ్రత్తగా ఉండాలి.
* ఇనుము: ఋతుస్రావం ఉన్న స్త్రీలలో లోపం ఎక్కువ. కాల్షియం మాత్రకు, ఇనుము మాత్రకు కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. టీతో కలిపి వేసుకోరాదు.
* కాల్షియం, డి విటమిను: స్లీవ్, బైపాస్ తరువాత రోజుకు 1200 నుండి 1500 మిల్లీగ్రాముల కాల్షియం అవసరం. నిర్లక్ష్యం చేస్తే కొన్నేళ్ళకు ఎముకలు గుల్లబారి విరుగుతాయి.
* థయామిన్ (బి-1): దీని నిల్వలు శరీరంలో కొద్ది వారాలకే సరిపోతాయి. ఆగకుండా వాంతులవుతుంటే చూపు చెదరడం, నడక తూలడం, మతి భ్రమించడం సంభవించి, వెంటనే థయామిన్ ఇవ్వకపోతే మెదడుకు శాశ్వత నష్టం కలుగుతుంది. 20వ శతాబ్దపు మొదటి భాగంలో మరపట్టిన బియ్యం తినే ఉత్తర సర్కారు జిల్లాలలో కనిపించిన బెరిబెరి కూడా ఈ విటమిను లోపమే.
* ఎ, ఇ, కె విటమినులు, జింకు, రాగి: డుయోడినల్ స్విచ్ తరువాత వీటి లోపం ఎక్కువగా కనిపిస్తుంది.

మొదటి ఏడాది 3, 6, 12 నెలలకు, తరువాత ఏటా రక్తపరీక్షలు చేయించుకోవాలి.

జుట్టు, చర్మం

మూడు నుండి ఆరు నెలల మధ్య జుట్టు విపరీతంగా రాలుతుంది. బరువు వేగంగా తగ్గడం వలన కలిగే ఈ మార్పు సాధారణంగా తాత్కాలికం. మాంసకృత్తులు, ఇనుము సరిగా అందుతుంటే తిరిగి మొలుస్తుంది. సాగిన చర్మం మాత్రం చాలామందిలో పూర్తిగా బిగుసుకోదు. పొట్ట, తొడలు, చేతులు, రొమ్ముల వద్ద వ్రేలాడే చర్మం క్రింద చెమట చేరి పుండ్లు పడతాయి. బట్టలు సరిపోవు, నడక ఇబ్బందిగా ఉంటుంది. బరువు స్థిరపడిన తరువాత, అనగా ఏడాది నుండి ఏడాదిన్నర గడిచాక, ప్లాస్టిక్ శస్త్రచికిత్సతో దీనిని తొలగించవచ్చు. ఇందుకు పొడవైన మచ్చలు, అదనపు ఖర్చు తప్పవు.

మందులు, మద్యం

ఇన్సులిన్, మధుమేహపు మాత్రలు, రక్తపోటు మాత్రల మోతాదు చికిత్స జరిగిన రోజుల నుండే తగ్గించవలసి రావచ్చు. మెల్లగా కరిగే మాత్రలు సరిగా శోషణ చెందకపోవచ్చు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు బైపాస్ తరువాత కలయిక వద్ద పుండ్లు కలిగిస్తాయి. పొగత్రాగడం కూడా అంతే. కనుక ఇతర బాధలకు ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా ఈ శస్త్రచికిత్స సంగతి చెప్పడం అవసరం.

బైపాస్ తరువాత మద్యం రక్తంలోకి వేగంగా చేరి, కొద్దిపాటికే మత్తు ఎక్కుతుంది. 2012లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, శస్త్రచికిత్సకు ముందు 7.6 శాతంగా ఉన్న మద్యపాన వ్యాధి రెండవ ఏట 9.6 శాతానికి పెరిగింది.

గర్భధారణ

బరువు తగ్గాక ఋతుక్రమం సరిపడి, సంతానం లేనివారు కూడా గర్భం ధరించే అవకాశం పెరుగుతుంది. కానీ వేగంగా బరువు తగ్గుతున్న కాలంలో గర్భం శిశువు పోషణకు మంచిది కాదు. కనుక 12 నుండి 18 నెలలు ఆగవలసిందిగా సూచిస్తారు. బైపాస్ తరువాత గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు కనుక ఇతర పద్ధతులు మేలు. గర్భం ధరించినపుడు ఇనుము, బి-12, ఫోలిక్ ఆమ్లం (దీని తయారీకి కృషి చేసిన బృందానికి తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యం వహించాడు) స్థాయిలను గమనిస్తూ ఉండాలి. మధుమేహ నిర్ధారణకు త్రాగించే గ్లూకోజు నీరు డంపింగ్ కలిగించవచ్చును. దానికి బదులు కొన్ని రోజుల పాటు ఇంటివద్ద రక్తపరీక్షలు చేసుకోవచ్చు.

మనసు, కుటుంబం

మొదటి సంవత్సరం చాలామందికి ఉత్సాహంగా గడుస్తుంది. మెట్లు ఎక్కగలగడం, కాళ్ళ మీద కాలు వేసుకుని కూర్చోగలగడం, దుకాణంలో దొరికిన బట్టలు సరిపోవడం వంటివి వారికి పెద్ద సంతోషాలు. అయితే శరీరం మారినంత వేగంగా మనసు మారదు. అద్దంలో పాత రూపమే కనిపిస్తున్నట్లు, ఇరుకు దారిలో పట్టమేమో అన్నట్లు చాలాకాలం అనిపిస్తుంది. దుఃఖానికి, ఒంటరితనానికి తినడమే ఓదార్పుగా ఉన్నవారికి ఆ ఓదార్పు పోతుంది. ఇదివరకు పట్టించుకోనివారు ఇప్పుడు ఆదరంగా మాట్లాడితే సంతోషంతో పాటు ఆగ్రహమూ కలుగుతుంది. "సులువు దారిలో తగ్గారు" అన్న నింద కూడా వినవలసి వస్తుంది.

స్వీడన్‌లో 2018లో ప్రచురితమైన పరిశీలనలో, ఈ చికిత్స పొందినవారిలో ఒంటరివారు కొత్త బంధాలు ఏర్పరచుకోవడం, జంటగా ఉన్నవారు విడిపోవడం రెండూ పెరిగినట్లు తేలింది. 2007లో అమెరికాలోని యూటాలో జరిగిన అధ్యయనంలో, బైపాస్ పొందినవారిలో మొత్తం మరణాలు 40 శాతం తగ్గాయి. అయితే ఆత్మహత్యలు, ప్రమాదాల వంటి వ్యాధేతర మరణాలు పోలిక వర్గం కంటే 58 శాతం అధికంగా ఉన్నాయి. అందువలన మానసిక నిపుణుల సహాయం శస్త్రచికిత్సకు ముందే కాక తరువాత కూడా అందుబాటులో ఉండాలని నిపుణులు చెబుతారు. ఇదే చికిత్స పొందినవారు ఒకచోట కలిసి అనుభవాలు పంచుకునే సహాయక బృందాలు కూడా ఉపకరిస్తాయి.

బరువు తిరిగి పెరగడం

ఏడాది నుండి రెండేళ్ళ వరకు బరువు తగ్గి, ఆ తరువాత కొంత తిరిగి పెరగడం సహజం. కొద్దిమందిలో చాలావరకు తిరిగి వస్తుంది. జీర్ణాశయం సాగడం, హార్మోనుల సర్దుబాటు, ద్రవరూపంలో తీపి, చిరుతిళ్ళు, వ్యాయామం మానడం దీనికి కారణాలు. దీనిని వ్యక్తి వైఫల్యంగా భావించి సిగ్గుతో వైద్యునికి దూరమయ్యేవారు ఎక్కువ. స్థూలకాయం దీర్ఘకాలిక వ్యాధి, తిరగబెట్టడం దాని లక్షణం. అవసరమైతే మందులు గాని, రెండవ శస్త్రచికిత్స గాని పరిశీలిస్తారు.

ఫలితాలు

సాధారణంగా స్లీవ్, బైపాస్ తరువాత మొత్తం శరీర బరువులో 25 నుండి 30 శాతం వరకు తగ్గుతుంది. దీర్ఘకాలిక ఫలితాలపై ప్రసిద్ధమైనది 1987లో మొదలైన స్వీడన్ అధ్యయనం. ఇందులో శస్త్రచికిత్స పొందిన 2,010 మందిని, పొందని 2,037 మందితో పోల్చారు. మధుమేహం రెండేళ్ళకు 72 శాతం మందిలో నెమ్మదించగా, పదేళ్ళకు ఆ సంఖ్య 36 శాతానికి తగ్గింది. 2020లో ప్రచురించిన ఫలితాల ప్రకారం శస్త్రచికిత్స పొందినవారు సాధారణ చికిత్స పొందినవారికంటే సగటున 3 సంవత్సరాలు అధికంగా జీవించారు. అయినప్పటికీ సాధారణ జనాభా కంటే వారి ఆయుర్దాయం 5.5 సంవత్సరాలు తక్కువే. అనగా శస్త్రచికిత్స మేలు చేస్తుంది గాని, స్థూలకాయం చేసిన కీడును పూర్తిగా చెరిపివేయదు.

అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 150 మంది మధుమేహ రోగులపై జరిగిన పరీక్షలో, ఐదేళ్ళ తరువాత మూడు నెలల సగటు చక్కెర సూచిక 6 శాతం లేదా అంతకు తక్కువగా ఉన్నవారు బైపాస్ వర్గంలో 29 శాతం, స్లీవ్ వర్గంలో 23 శాతం, మందులు మాత్రమే వాడినవారిలో 5 శాతం.

దుష్ఫలితాలు

కుట్లు వేసినచోట లీకు, రక్తస్రావం, కాళ్ళ సిరలలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం తొలి వారాలలో రాగల ప్రమాదాలు. ఎడతెగని గుండెదడ, జ్వరం, భుజం లేదా కడుపు నొప్పి, ఆయాసం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. తరువాతి కాలంలో పిత్తాశయపు రాళ్ళు, మూత్రపిండాల రాళ్ళు, కలయిక ఇరుకవడం, పుండ్లు రావచ్చు. బైపాస్ తరువాత ఎన్నేళ్ళకైనా లోపలి హెర్నియాలో ప్రేగు చిక్కుకుని అకస్మాత్తుగా తీవ్రమైన కడుపునొప్పి రావచ్చు; దానిని గ్యాస్ నొప్పిగా కొట్టివేయడం ప్రాణాంతకం కాగలదు. అనుభవం గల కేంద్రాలలో నెల రోజుల లోపు మరణాలు వెయ్యిమందిలో సుమారు ఒకటి నుండి మూడు వరకు ఉంటాయి.

భారతదేశంలో

భారతదేశంలో ఈ చికిత్స 2000 తరువాత నగరాలలో విస్తరించింది. హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడలలో కూడా చేసే ఆసుపత్రులు ఉన్నాయి. 2014లో అప్పటి కేంద్ర ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ ఈ చికిత్స చేయించుకోవడంతో దీని గురించి పత్రికలలో చర్చ జరిగింది.

భీమా నియంత్రణ సంస్థ 2019లో ఇచ్చిన ప్రామాణిక నిబంధనల ప్రకారం, వైద్యుడు సూచించి, రోగి వయసు 18 లేదా అంతకు పైబడి, సూచిక 40 లేదా అంతకు మించినపుడు, లేదా 35 మించి గుండెజబ్బు, తీవ్రమైన నిద్రా శ్వాసరోధం, అదుపులో లేని మధుమేహం వంటివి ఉన్నపుడు ఈ చికిత్స మినహాయింపు క్రిందకు రాదు. ఆయా పాలసీలలో నిరీక్షణ కాలం వంటి షరతులు వేరుగా ఉంటాయి. జీవితాంతం కొనవలసిన విటమినులు, రక్తపరీక్షల ఖర్చు మాత్రం తరచు రోగి మీదనే పడుతుంది. గ్రామాల నుండి వచ్చినవారు ఒకటి రెండు సార్లు కనిపించి తరువాత పరీక్షలకు రాకపోవడం వలన పోషక లోపాలు ముదిరిన తరువాతనే బయటపడతాయి.

మందులతో పోలిక

ప్రేగు హార్మోనులను అనుకరించే కొత్త మందులు ఈ రంగాన్ని మార్చివేశాయి. సెమాగ్లుటైడ్‌కు 2021లోను, టిర్జెపటైడ్‌కు 2023లోను అమెరికాలో బరువు తగ్గించే మందులుగా అనుమతి లభించింది. 2025లో ఈ రెండూ భారతదేశంలో ఆ ప్రయోజనం కోసం విడుదలయ్యాయి. వీటిని మానివేస్తే బరువు చాలావరకు తిరిగి వస్తుంది. అత్యధిక బరువు గలవారికి శస్త్రచికిత్స ప్రాముఖ్యం తగ్గలేదు. శస్త్రచికిత్స తరువాత బరువు పెరిగినవారికి ఈ మందులను జోడించడం కూడా మొదలైంది.

ఇవి కూడా చూడండి

* స్థూలకాయం
* మధుమేహం
* జీర్ణ వ్యవస్థ
* విటమినులు
* యల్లాప్రగడ సుబ్బారావు